గర్భిణికి యాంటీబయాటిక్ అంటే అంత భయమెందుకు?

తెల్లబట్ట సంగతి ఎత్తితే చాలు, మనిళ్లలో గొంతులు వాటంతటవే తగ్గిపోతాయి. అదే కడుపుతో ఉన్న అమ్మాయికైతే "వేడి చేసింది, మజ్జిగ తాగు" అనేసి ఊరుకుంటారు. మజ్జిగ మంచిదే. కానీ ఇన్‌ఫెక్షన్‌కి అది వైద్యం కాదు.

ఈ మధ్య మా వదినకి ఇలాగే అయింది. ఐదో నెల. వాసన వస్తోందని చెబితే డాక్టరమ్మ పరీక్ష చేసి, బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అని తేల్చి, వారానికి మెట్రోనిడజోల్ మాత్రలు రాశారు. వదిన ఫోన్లో వెతికితే 'ఎలుకల్లో క్యాన్సర్' అని కనబడింది. అంతే, మాత్రలు బీరువాలోకి వెళ్లిపోయాయి. "రేపు బిడ్డకేమన్నా అయితే ఎవరు చూస్తారు?" అంది. న్యాయమైన ప్రశ్నే. సమాధానం కోసం కూర్చుని చదివాను.

ఆ హెచ్చరిక అబద్ధం కాదు. ఎలుకలకి, చిట్టెలుకలకి ఎక్కువకాలం ఆ మందు ఇచ్చినప్పుడు కణుతులు వచ్చాయి. మందు మాయను దాటి బిడ్డను చేరుతుందన్నదీ నిజమే. అయితే 1960ల నుంచి వాడుకలో ఉన్న మందు ఇది. గర్భిణుల మీద జరిగిన అనేక అధ్యయనాల్లో దీనివల్ల బిడ్డల్లో అవకరాలు వస్తాయనడానికి ఆధారం దొరకలేదు. అందుకే లక్షణాలున్న గర్భిణులకి చికిత్స చేయాలనే అమెరికాలోని సీడీసీ చెబుతోంది. మామూలుగా 500 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, 7 రోజులు. అది పడనివాళ్లకి క్లిండమైసిన్ ఉంది.

అసలు చిక్కు వేరే ఉంది. మనం 'తెల్లబట్ట' అని ఒకే పేరు పెట్టేసినా లోపల కారణాలు వేరు వేరు. గర్భంతో ఉన్నప్పుడు వాసన, దురద లేకుండా పల్చగా తెల్లగా అవుతుంటే చాలాసార్లు అది మామూలే, మందక్కర్లేదు. చేపల వాసనతో బూడిదరంగులో ఉంటే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ కావచ్చు. అక్కడ కాపలా కాసే లాక్టోబాసిల్లస్, అంటే పెరుగు తోడుకునే బ్యాక్టీరియాకి చుట్టాలు, తగ్గిపోతే వేరేవి పెరిగిపోతాయి. విరిగిన పాలలా గడ్డలు గడ్డలుగా, దురదతో ఉంటే ఫంగస్ కావచ్చు. పసుపుపచ్చగా నురగతో ఉంటే ట్రైకోమోనాస్ కావచ్చు. దానికి భర్త కూడా మందు వాడాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. చూసి ఇదేనని మనమే తేల్చుకోలేం, పరీక్ష కావాలి.

ఫంగస్‌కి యాంటీబయాటిక్ పనిచేయదు, పైగా కొన్నిసార్లు దాన్ని పెంచుతుంది. గర్భిణులకి లోపల పెట్టుకునే క్లోట్రిమజోల్ 7 రోజులు ఇస్తారు. నోటితో మింగే ఫ్లుకోనజోల్ వద్దంటారు. మరి మెడికల్ షాపుకెళ్లి "వైట్ డిశ్చార్జ్‌కి ఏదైనా ఇవ్వండి" అంటే? ఫ్లుకోనజోల్, అజిత్రోమైసిన్, సెక్నిడజోల్ మూడూ కలిపిన కిట్ చేతిలో పెట్టేవాళ్లున్నారు. మా భాషలో చెప్పాలంటే, తప్పెక్కడుందో చూడకుండా అన్నీ ఒకేసారి మార్చేయడం. భయపడాల్సింది డాక్టర్ చూసి రాసిన ఒక్క మందుకి కాదు, చూడకుండా ఇచ్చే ఈ మూడింటికి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లకి నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు ఎక్కువ. అలాగని లక్షణాలు లేనివాళ్లందరికీ మందిచ్చేస్తే ఆ ముప్పు తగ్గుతుందా? అమెరికాలో 1,953 మంది గర్భిణులతో చేసిన అధ్యయనం 2000లో వచ్చింది. మెట్రోనిడజోల్ వల్ల నెలలు నిండని కాన్పులు తగ్గలేదు. ఫ్రాన్స్‌లో క్లిండమైసిన్‌తో చేసిన పెద్ద అధ్యయనం 2018లో అదే చెప్పింది. అంటే బాధ ఉంటే మందు కావాలి. లేకపోతే ముందుజాగ్రత్త పేరుతో మింగక్కర్లేదు.

వదిన ఇవన్నీ పట్టుకెళ్లి డాక్టరమ్మనే అడిగింది. ఆవిడ విసుక్కోకుండా చెప్పారు, వదిన కోర్సు పూర్తి చేసింది.

మీరూ అడగండి. ఇది ఏ ఇన్‌ఫెక్షన్? ఈ మందు నా నెలకి సరిపడుతుందా? ఎన్నిరోజులు వాడాలి? మా ఆయనకీ కావాలా? లోపల సబ్బుతో, యాంటీసెప్టిక్ నీళ్లతో కడగడం మానండి. తగ్గిందని కోర్సు మధ్యలో ఆపకండి. ఉమ్మనీరు పోతున్నట్టున్నా, రక్తం కనిపించినా, జ్వరం గానీ కడుపునొప్పి గానీ వచ్చినా మాత్ర గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.