పందికొక్కు ఇంగ్లీషులోకి పోయింది, మనం పోలేమా?

హాస్టలు పిల్లలకు ఇంగ్లీషంటే భయం. పదో తరగతి దాకా తెలుగులో చదివి, కాలేజీలో చేరగానే అన్నీ ఇంగ్లీషు పుస్తకాలే చేతికొస్తే ఎవరికైనా గుండె జారుతుంది. మా ఇళ్ళలో డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. సందేహమొస్తే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. అందుకే ఆ భాష పెద్దవాళ్ళ సొత్తు, మనకు అంటదు అనే మాట మనసులో నాటుకుపోయింది. అది తప్పని చెప్పడానికి ఒక్క పదం చాలు.

ఆ పదం బ్యాండికూట్. స్పెల్లింగు బి, ఏ, ఎన్, డి, ఐ, సి, ఓ, ఓ, టి. చూస్తే ఏ లాటిన్ మాటో అనిపిస్తుంది. కానీ ఇది మన పాకాల చుట్టుపక్కల చెనక్కాయల చేలల్లో, వరి గట్లలో బొరియలు తవ్వే పందికొక్కే! 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఇది తెలుగు మాటేనని, ‘పంది ఎలుక’ అని అర్థమని చెప్పింది. కదిలిస్తే పందిలా గురగురమంటుంది కదా! మన ‘ప’ దొరల నోట ‘బ’ అయింది, చివరి ‘క్కు’ కాస్తా ‘ట్’ అయింది.

అంతటితో ఆగలేదు. 18వ శతాబ్దం చివర ఆస్ట్రేలియా చేరిన ఇంగ్లీషువాళ్ళు, అక్కడ పొట్టకు సంచి ఉండే ఒక చిన్న జంతువుకు ఇదే పేరు పెట్టేశారు. నిజానికి దానికీ మన పందికొక్కుకూ చుట్టరికమే లేదు. పైన చెట్టు కదలకుండా అడుగున ఉర్లగడ్డలు తవ్వుకుపోవడాన్ని కూడా అక్కడివాళ్ళు ‘బ్యాండికూట్’ చేయడం అంటారు. ఆ పని ఎలా ఉంటుందో చెనక్కాయలు పండించే మన అమ్మానాన్నలకు ఎవరైనా చెప్పాలా?

మన దగ్గర మాత్రం ఈ మాట తిట్టుగానే మిగిలింది. ‘సర్కారు కూడు పందికొక్కుల్లా మేస్తున్నారు’ అని హాస్టలు పిల్లలను ఎత్తిపొడిచేవాళ్ళను చూశాం. కరువులో పందికొక్కు బొరియ తవ్వి, అది దాచుకున్న గింజలతో గంజి కాచుకున్న కుటుంబాల బాధ వాళ్ళకేం తెలుసు?

అదే మాట 2018లో మరో రూపంలో తిరిగొచ్చింది. తిరువనంతపురంలో యువ ఇంజనీర్లు మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే రోబో తయారుచేసి, దానికి బ్యాండికూట్ అని పేరు పెట్టారు. మనుషులను రక్షణ లేకుండా మురుగుకాలువల్లోకి దించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. అయినా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. పోయేవి ఎవరి ప్రాణాలో మనకు వేరే చెప్పాలా? అలాంటి యంత్రాలు ఇంకా చేయాలంటే మన పిల్లలు ఇంజనీర్లు కావాలి. అందుకు ఇంగ్లీషు పుస్తకాలు చదవక తప్పదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! కొత్త పదం కనిపిస్తే స్పెల్లింగు బట్టీ కొట్టి వదలకండి. అది ఎక్కడ పుట్టిందో, ఏయే దేశాలు తిరిగిందో వెతకండి. పుట్టుక తెలిసిన మాట మరిచిపోలేం. ప్రతి హాస్టలులోనూ పుట్టుపూర్వోత్తరాలు చెప్పే మంచి నిఘంటువు ఒకటి ఉండాలి. అది బీరువాలో తాళం వేసి ఉంచడానికి కాదు, పిల్లల చేతుల్లో నలగడానికి. పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటే అదేమంత భారం కాదు.

తెలుగును వదిలితేనే ఇంగ్లీషు వస్తుందనుకోవడం కూడా పొరపాటే. తెలుగు తెలిసినవాడికే ఈ పదం లోపలి అర్థం తెలుస్తుంది. మన చేలల్లో పుట్టిన మాట పాస్‌పోర్టు లేకుండా ప్రపంచమంతా తిరిగింది. చదువుకున్న మనం గడప దగ్గరే ఎందుకు ఆగాలి?