రాయి కాదు.. బ్రేకు పట్టాలి!

పాత పికప్ బండి ఎక్కడ కనిపించినా డ్రైవర్ సీటు వెనకో, ట్రాలీ మూలనో ఓసారి తొంగి చూడండి. ఓ రాయి ఉంటుంది. లేదంటే చెక్క దిమ్మ. బండిలో జాకీ లేకపోవచ్చు, స్టెప్నీలో గాలి లేకపోవచ్చు. ఆ రాయి మాత్రం ఉండి తీరుతుంది. ఎందుకంటే ఆ బండికి హ్యాండ్ బ్రేక్ పట్టదు. ఎందుకన్నా అని అడిగితే, ‘పాత బండి కదా తమ్ముడూ, అంతే!’ అని నవ్వేస్తారు.

ఈ వారం నా పేచీ అంతా ఆ ‘అంతే’ మీదే. బండి పాతబడితే రంగు పోతుంది, సీటు చిరుగుతుంది. ఒప్పుకుంటా. హ్యాండ్ బ్రేక్ మాత్రం ఊరికే వయసు మీద పడి చచ్చిపోదు. దానికో కారణం ఉంటుంది. ఆ కారణం దొరికితే పదిహేనేళ్ల బండి కూడా వాలు మీద బుద్ధిగా నిలబడుతుంది.

ఇంకో మాట. ఆ రాయి పెట్టే పని ఎవరిది? క్లీనర్ కుర్రాడిది. చాలాసార్లు మీ వయసు వాడే. వాడు వంగి రాయి పెట్టేది ఎక్కడో గమనించారా? బండి దొర్లితే సరిగ్గా ఏ దారిన వస్తుందో ఆ దారిలోనే! లోపల డ్రైవర్ కాలు బ్రేకు మీద నుంచి కాస్త జారిందంటే తర్వాత ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

కాలి బ్రేకు భేష్.. చేతి బ్రేకు తుస్!

‘ఫుట్ బ్రేక్ తొక్కితే బండి ఠక్కున ఆగుతోంది కదా, మరి ఇదెందుకు పట్టదు?’ అని చాలామందికి డౌటు. రెండింటి దారులు వేరు. ఫుట్ బ్రేక్‌కి ఆయిల్ ఒత్తిడి తోడు, బూస్టర్ సాయం, పైగా నాలుగు చక్రాలూ పనిచేస్తాయి. మన పికప్పుల్లో హ్యాండ్ బ్రేక్‌కి ఉన్నది మీ చేయి, ఒక లివర్, బండి కింద పొడవుగా వెళ్లే కేబుల్, వెనక రెండు చక్రాలు. అంతే. షూలు కాస్త అరిగితే ఫుట్ బ్రేక్‌లో ఆయిల్ ఆ లోటు కొంత పూడుస్తుంది. హ్యాండ్ బ్రేక్‌లో ఆ అవకాశం లేదు. ఎక్కడ కాస్త లూజున్నా ఆ మేరకు మీరు లివర్ లాగిన లాగుడు వృథా.

అది మోయాల్సిన భారమేమీ చిన్నది కాదు. బండీ, సరుకూ కలిపి 2,500 కిలోలు అనుకుందాం. వంద మీటర్లకు పది మీటర్లు లేచే వాలు మీద ఆపారు. అప్పుడు బండిని కిందికి లాగే బలం దాదాపు 250 కిలోల బరువుతో సమానం. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు మూడింటికి పైనే! బ్రేకులకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 13 ఇంకా గట్టిది. నిండు లోడుతో 18 శాతం వాలు మీద, బండి ముఖం ఎటున్నా సరే, పార్కింగ్ బ్రేకు ఒక్కటే పట్టి ఉంచాలంటుంది. మన 2,500 కిలోల బండికి లెక్కేస్తే 440 కిలోల లాగుడన్నమాట. మూడు కిలోల రాయిని నమ్ముకునే లెక్కేనా ఇది?

డ్రమ్ము విప్పితే కథ తెలిసింది

మా చిన్నాన్న కొడుకు మదనపల్లె మార్కెట్‌కి టమాటా క్రేట్లు తోలతాడు. వాడి పికప్ లివర్ పైదాకా లాగినా నిలబడేది కాదు. రెండు చోట్ల చూపిస్తే ఇద్దరూ కేబుల్ బిగించి పంపారు. వారం తిరిగేసరికి మళ్లీ అదే పాట. మూడో మేస్త్రీ మాత్రం కేబుల్ జోలికే పోలేదు. ‘ముందు డ్రమ్ములు విప్పుదాం బాబూ’ అన్నాడు. నేనూ పక్కనే ఉన్నా.

కుడివైపు డ్రమ్ము తీయగానే షూలు నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. యాక్సిల్ ఆయిల్ సీల్ పోయి, గేర్ ఆయిల్ కారి లైనింగ్ అంతా తడిసిపోయింది. ఎడమవైపు ఇంకో కథ. షూలు అరిగేకొద్దీ వాటిని డ్రమ్ముకి దగ్గరగా జరపాల్సిన అడ్జస్టర్ తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అంటే ఒక చక్రం జారిపోతోంది, ఇంకోటి అందట్లేదు. ఇక కేబుల్ ఎంత లాగితే ఏం లాభం? సీలు, రెండు వైపులా షూలు మార్చి, అడ్జస్టర్ శుభ్రం చేసేసరికి అయిన ఖర్చు ఒక కొత్త టైరు ధర కూడా దాటలేదు.

మిగతా దొంగలు కూడా ఈ చుట్టుపక్కలే ఉంటారు. కేబుల్ తొడుగులోకి నీళ్లు, బురద దూరి లోపల తీగ తుప్పుపట్టడం ఒకటి. హ్యాండ్ బ్రేక్ వాడకపోతే ఇది ఇంకా ముదురుతుంది. పట్టదని వాడరు, వాడరు కాబట్టి ఇంకా పట్టదు! వీల్ సిలిండర్ కారి బ్రేక్ ఆయిల్ షూల మీద పడటం, డ్రమ్ము లోపల అరిగి వెడల్పవడం, లివర్ కింద పళ్లు అరిగి లాగిన చోట ఆగకుండా జారిపోవడం.. ఇవీ ఉంటాయి.

వరస తప్పితే పని చెడుతుంది

మీరు స్వయంగా విప్పమని చెప్పట్లేదు. పని తెలిసిన మేస్త్రీ దగ్గరే చేయించండి. కానీ ఏ వరసలో చేస్తున్నాడో పక్కన నిలబడి చూడండి.

ఒకటి: చదునైన చోట బండి ఆపి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టాలి. వెనక భాగం లేపాక స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరకూడదు.

రెండు: లివర్ పూర్తిగా దించి, కేబుల్ వదులు చేసి, డ్రమ్ములు విప్పాలి. లోపలి పొడిని గాలి కొట్టి ఊదకూడదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిస్తే మేలు.

మూడు: ఆయిల్ తాగిన షూలను పెట్రోల్‌తో కడిగి మళ్లీ పెడతానంటే వద్దనండి. ముందు కారుడు ఆపాలి, తర్వాత రెండు వైపులా షూలు మార్చాలి. డ్రమ్ము ఎంతవరకు అరగొచ్చో చాలావాటి మీద అంకె వేసి ఉంటుంది. అది దాటితే డ్రమ్మూ మార్చాల్సిందే.

నాలుగు: అడ్జస్టర్ విప్పి, తుప్పు తీసి, కాస్త గ్రీజు రాయాలి. చాలా బళ్లలో కుడి, ఎడమ అడ్జస్టర్ల మరలు ఎదురెదురుగా తిరుగుతాయి. అటుదిటు, ఇటుదటు పెడితే పనిచేయవు.

ఐదు: డ్రమ్ము పెట్టి, చక్రం తిప్పితే సన్నగా రాసుకునేంత వరకు షూలు జరిపి, మళ్లీ కాస్త వెనక్కి తీయాలి. ఫుట్ బ్రేక్ నాలుగైదుసార్లు తొక్కాలి. ఇదంతా అయ్యాకే కేబుల్ ముట్టుకోవాలి. మాన్యువల్‌లో చెప్పినన్ని క్లిక్కులకు లివర్ గట్టిపడేలా బిగించి, దించితే రెండు చక్రాలూ స్వేచ్ఛగా తిరుగుతున్నాయో లేదో చూడాలి.

దీన్ని తిరగేసి, ముందే కేబుల్ బిగిస్తే ఏమవుతుంది? షూలు డ్రమ్ముకి రాసుకుంటూనే ఉంటాయి. డ్రమ్ము కాలుతుంది, మైలేజీ పడిపోతుంది, లైనింగ్ ఇంకా తొందరగా అయిపోతుంది.

వీడియోలు చూసి కొందరు ‘లైన్ లాక్’ గురించి అడుగుతుంటారు. ఫుట్ బ్రేక్ ఆయిల్ ఒత్తిడిని పట్టి ఉంచే చిన్న వాల్వ్ అది. పార్కింగ్ బ్రేకుకి బదులు దాన్ని వాడొద్దు. ఎక్కడ కాస్త ఆయిల్ లీకైనా మెల్లగా ఒత్తిడి దిగిపోతుంది. మీరు టీ తాగి వచ్చేసరికి బండి పెట్టిన చోట ఉంటుందన్న గ్యారంటీ లేదు.

ఆపడంలోనూ ఓ పద్ధతుంది

బ్రేకు బాగైంది కదా అని లివర్ లాగేసి దూకేయకండి. వాలు మీద ఫుట్ బ్రేక్ తొక్కి ఉంచి, న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ లాగండి. కాలు మెల్లగా వదిలి బండి బరువు హ్యాండ్ బ్రేక్ మీదికి రానివ్వండి. కదలడం లేదని తేలాక ఇంజిన్ ఆపి, గేర్ వేయండి. ఎదురెక్కే వాలైతే ఫస్ట్, దిగే వాలైతే రివర్స్. చక్రాల కింద అడ్డు అప్పుడు పెట్టండి. అంటే రాయి వద్దని కాదు నేననేది. రాయి మూడోది కావాలి, మొదటిది కాదు. అదీ గుండ్రాయి కాదు, ఏటవాలుగా కోసిన చెక్క.

వర్షాకాలంలో బండి రోజుల తరబడి కదలకుండా ఉండేట్టయితే మాత్రం చదునైన చోట గేర్‌లో పెట్టి, అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ దించేయండి. లేదంటే షూలు తుప్పుతో డ్రమ్ముకి అతుక్కుపోతాయి.

ఒకవేళ బండి దొర్లడం మొదలైతే? దయచేసి ఎదురెళ్లి ఆపాలని చూడొద్దు, పరుగెత్తి క్యాబిన్ ఎక్కొద్దు. అరిచి జనాన్ని తప్పించండి. బండి పోతే ఇంకోటి వస్తుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నారా?

డ్రైవింగో, డెలివరీయో మొదలుపెడదామని పాత పికప్ చూస్తున్న వాళ్లు మీలో చాలామందే ఉంటారు. ఇంజిన్ సౌండు, టైర్లు, పేపర్లు చూస్తారు. వీటితోపాటు రెండు నిమిషాలు దీనికీ ఇవ్వండి. ముందూ వెనకా మనుషులు లేని చదునైన చోట హ్యాండ్ బ్రేక్ లాగి, ఫస్ట్ గేర్‌లో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. బండి ముందుకు పాకిందంటే బ్రేకు పట్టట్లేదని అర్థం. ఆ రిపేరు డబ్బు ధరలో తగ్గించమని అడగండి.

చట్టం కూడా మీవైపే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 126వ సెక్షన్ ప్రకారం, సీట్లో లైసెన్స్ ఉన్న డ్రైవర్ లేకుండా బండిని వదిలి వెళ్లాలంటే ఇంజిన్ ఆపి, బ్రేకు వేసో, వేరే ఏర్పాటు చేసో అది తనంతట తాను కదలకుండా చూడాలి. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ ఎలాగూ చేయించాలి. ఆ రోజు కోసం కాకుండా మీకోసం చేయించండి.

ఇంట్లోనో, మీరు పనిచేసే చోటో పాత పికప్ ఉంటే ఈ ఆదివారం ఆ క్లచ్ టెస్ట్ చేసి చూడండి. ఇంజిన్ ఆగకపోతే సోమవారం మొదటి పని మేస్త్రీ దగ్గరికి వెళ్లడమే. వెళ్లాక ‘కేబుల్ బిగించండి’ అనకండి, ‘డ్రమ్ములు విప్పండి’ అనండి.