వంతెన దగ్గర కాదు, ముందే ఆపాలి

భద్రాచలం: గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి, 48కి రెండవ, 53కి మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఎగువన నీటిమట్టాన్ని బట్టి వరద రాక గంటల ముందే తెలుస్తుంది. అంటే లారీలను ఎక్కడ ఆపాలో నిర్ణయించడానికి వ్యవధి ఉన్నదన్నమాట.

2022 జూలైలో నీరు 71.3 అడుగులకు చేరినపుడు 1965 నాటి వంతెనపై రాకపోకలు నిలిపివేశారు. 2024లో రెండవ వంతెన వచ్చింది. కాని చింతూరు రోడ్డు మునిగితే వంతెనలు రెండున్నా లారీ కదలదు. బారులు సారపాక దాకా పెరిగితే, గూడేల నుంచి ఏరియా ఆస్పత్రికి వచ్చే రోగులు, గర్భిణులు దారిలోనే చిక్కుకుంటారు.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. ఇంగ్లండులో డోవర్ రేవు స్తంభిస్తే లారీలను ఊళ్లోకి రానీయక దూరంగా రహదారిపైనే నిలుపుతారు. ఇక్కడా రెండవ హెచ్చరికతోనే విజయవాడ వైపువి పాల్వంచలో, జగదల్‌పూర్ వైపువి సుక్మాలో ఆపి, అంబులెన్సులకు దారి వదలాలి.

2014 నుంచి పట్టణం పొలిమేర దాటితే ఆంధ్రప్రదేశ్, ఆపైన ఛత్తీస్‌గఢ్. అందువల్ల మూడు రాష్ట్రాల అధికారులు తొలకరికి ముందే కూర్చుని ఒక మాటకు రావాలి. నీరు వచ్చాక మాట్లాడుకుంటే ఫలితముండదు.