హెల్మెట్ తీయని అభిమాని

'ఏలియన్: ఎర్త్' ట్రైలర్ వచ్చేసింది. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన 'ఏలియన్' సినిమాకు ఇది పూర్వకథ. నోవా హాలీ రూపొందించిన ఈ సిరీస్ 2025 ఆగస్టులో మొదలైంది. కథ జరిగే కాలం 2120, అంటే మొదటి సినిమా కథకు రెండేళ్ల ముందు. అంతరిక్షం మూలమూలల నుంచి అయిదు రకాల జీవులను పట్టుకొస్తున్న ఒక నౌక భూమి మీద, జనం నిండిన నగరంలో కూలిపోతుంది. మనిషి మనసును కృత్రిమ శరీరంలోకి చేర్చగా తయారైన ఒక యువతి, కొందరు సైనికులు ఆ శిథిలాల్లోకి అడుగుపెడతారు. ట్రైలర్‌లో ఉన్న విషయం స్థూలంగా ఇదే.

ఈ కథా ప్రపంచానికి కొత్తగా వచ్చినవాళ్లకు ఉత్సాహపడటానికి ఇది చాలు. పాత అభిమాని మాత్రం అంత తొందరపడటం లేదు. ట్రైలర్‌ను ఒకటికి రెండుసార్లు చూస్తాడు, బాగుందని ఒప్పుకుంటాడు, కానీ అక్కడే ఆగుతాడు. దీన్ని కొందరు చాదస్తం అంటారు. కొత్తదేదీ నచ్చని ముసలి మనస్తత్వం అని ఎగతాళి చేసేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఈ ఆచితూచే ధోరణిలో సైన్సుకు చాలా దగ్గరైన లక్షణం ఒకటి ఉంది. దాన్ని నవ్వి కొట్టిపారేయకుండా కాస్త పరిశీలించడం మంచిది.

పూర్వకథ రాయడం మామూలు కథ రాయడం లాంటిది కాదు. ముగింపు ముందే అందరికీ తెలుసు. ఆ ముగింపుకు దారితీసిన గతాన్ని ఊహించాలి, ఆ ఊహ తెలిసిన విషయాల్లో దేనికీ విరుద్ధంగా ఉండకూడదు. భూగర్భ శాస్త్రవేత్తలు, జీవ పరిణామ శాస్త్రవేత్తలు, విశ్వం పుట్టుకను పరిశోధించేవాళ్లు రోజూ చేసే పని ఇదే. విశ్వానికి సుమారు 1380 కోట్ల ఏళ్ల వయసుందని చెప్పేటప్పుడు, ఆ లెక్క ఆకాశంలో కనిపించే అతి పాత నక్షత్రాల వయసుతోనూ, 1965లో పెంజియస్, విల్సన్ ప్రకటించిన ఆ మైక్రోవేవ్ కాంతితోనూ పొసగాలి. పొసగకపోతే, కథ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాల్సిందే. పాత అభిమాని పూర్వకథను అడుగుతున్నదీ ఇదే: ముందు చూపించిన సాక్ష్యాన్ని చెడగొట్టవద్దు.

1979 సినిమా అలాంటి సాక్ష్యాలను చాలానే వదిలి వెళ్లింది. నోస్ట్రోమో అనే సరుకు రవాణా నౌకలోని ఏడుగురు సిబ్బంది ఒక నిర్జన గోళం మీద దిగుతారు. అక్కడ ఒక పాడుబడ్డ పరాయి నౌకలో, కుర్చీలోనే శిలాజంగా మారిపోయిన ఒక భారీ ప్రాణి కనిపిస్తుంది. దాని ఎముకలు లోపలి నుంచి బయటికి విరిగి ఉంటాయి. అది ఎవరు, ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత కాలమైంది అన్నది ఎవరూ చెప్పరు. ఆ దృశ్యంలో సెట్టు మరింత పెద్దదిగా కనిపించాలని పిల్లలకు చిన్న వ్యోమగామి దుస్తులు తొడిగి నటింపజేశారు. ఆ కొన్ని నిమిషాల దృశ్యమే అభిమానుల్లో మూడు దశాబ్దాల పాటు ఊహలు రేపింది.

ఆ సినిమా మలుపు తిరిగే చోటు మరొకటి ఉంది. ముఖానికి ఒక పరాయి జీవి అతుక్కుపోయిన సహచరుణ్ని మోసుకుని ఇద్దరు నౌక తలుపు దగ్గరికి వస్తారు. లోపలున్న రిప్లీ తలుపు తీయడానికి ఒప్పుకోదు. నిబంధన ప్రకారం ఇరవై నాలుగు గంటల క్వారంటైన్ తప్పనిసరి అంటుంది. బయట ఉన్నది నౌక కెప్టెన్, ఆజ్ఞాపిస్తున్నదీ అతనే. అయినా ఆమె కదలదు. తలుపు తెరిచేది సైన్స్ అధికారి యాష్. ఎందుకు తెరిచాడో తర్వాత తెలుస్తుంది: మనుషులు పోయినా సరే, ఆ జీవిని తెచ్చిపెట్టమని కంపెనీ అతనికి రహస్యంగా ఆదేశించింది. అంటే ఈ సినిమాలో భయం పుట్టేది రాక్షసి నుంచి కాదు, ఒక భద్రతా నియమాన్ని లాభం కోసం తొక్కేయడం నుంచి. 2020 తర్వాత క్వారంటైన్ అనే మాటను తెలుగు ఊళ్లలో ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేదు. రిప్లీ పట్టుదల ఇప్పటి ప్రేక్షకులకు అప్పటికంటే బాగా అర్థమవుతుంది.

ఇంతటి కథకు 2012లో అదే రిడ్లీ స్కాట్ 'ప్రొమీథియస్' పేరుతో పూర్వకథ తీశారు. దాని ట్రైలర్ అద్భుతంగా ఉంది. కుర్చీలోని ఆ ప్రాణి ఎవరో తెలియబోతోందన్న ఆశ అభిమానుల్లో కలిగింది. సినిమా సమాధానం చెప్పింది కూడా. అది వేరే జాతి శిలాజం కాదట, ఒక తొడుగు అట. లోపల ఉన్నది తెల్లగా, పొడుగ్గా, కండలు తిరిగిన మనిషి లాంటివాడు. అతని జాతే మానవుల సృష్టికర్తలు. వాళ్ల డీఎన్ఏ, మన డీఎన్ఏ ఒకటేనని పరీక్షలో తేలుతుంది.

అభిమాని మనసు విరిగింది ఇక్కడే. రహస్యం వీడిపోయినందుకు కాదు, సమాధానం నిలబడనందుకు. భూమి మీద జీవం కనీసం 350 కోట్ల ఏళ్లుగా ఉంది. ఆ జాతి తన డీఎన్ఏను జీవం మొదలైనప్పుడే ఇక్కడ చల్లి ఉంటే, అన్ని కోట్ల ఏళ్ల పరిణామం తిరిగి తిరిగి సరిగ్గా వాళ్ల నకలు దగ్గరే ఎలా ఆగింది? ఈ మధ్య కాలంలోనే మనిషిని నేరుగా తయారు చేసి ఉంటే, చింపాంజీతో మనకున్న దగ్గరి చుట్టరికం, కోతుల నుంచి బాక్టీరియా వరకు అన్ని జీవుల్లో కనిపించే ఒకే జన్యు లిపి ఎలా వచ్చాయి? సినిమా ఈ రెండింటిలో ఒక్కదానికీ జవాబు ఇవ్వలేదు. ప్రశ్న అడిగినవాణ్ని అదే పెద్ద ప్రశ్న అన్నట్టు కథ నోరు మూయించింది.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. పరాయి గోళం మీద దిగిన శాస్త్రవేత్తలు, లోపలి గాలి పీల్చదగ్గదని పరికరం చెప్పగానే హెల్మెట్లు తీసేస్తారు. గాలిలో ఆక్సిజన్ ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, అందులో సూక్ష్మజీవులు ఉన్నాయా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. నౌకలోని జీవశాస్త్రవేత్త అయితే, ఎన్నడూ చూడని పాము లాంటి జీవి పడగెత్తి నిలబడితే ముద్దుగా చెయ్యి చాస్తాడు. పొలం గట్టు మీద నడిచే ఏ పదేళ్ల పిల్లవాడూ ఆ పని చేయడు.

అభిమాని ప్రతి చిన్న తప్పునూ తవ్వి తీస్తాడని అనుకోవద్దు. అదే సినిమాలో ఒక పాత్ర తాము భూమికి 50 కోట్ల మైళ్ల దూరంలో ఉన్నామంటుంది. అంటే సుమారు 80 కోట్ల కిలోమీటర్లు, గురు గ్రహపు కక్ష్యను కాస్త దాటినంత దూరం. ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ ఈ తప్పును ఎత్తిచూపితే అందరూ నవ్వుకుని వదిలేశారు. 1979 సినిమాలోని రాక్షసి ఏమీ తినకుండానే కొన్ని గంటల్లో మనిషిని మించి పెరిగిపోతుంది. అంత బరువు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగినవాళ్లు తక్కువ. కాంతి వేగం, గురుత్వాకర్షణ, నిద్రపేటికలు లాంటి విషయాల్లో కథకు ఎప్పుడూ కొంత అప్పు దొరుకుతుంది. అప్పు దొరకనిది మనుషుల ప్రవర్తన విషయంలోనే. తెలియనిదాని ముందు నిలబడినప్పుడు శాస్త్రవేత్త శాస్త్రవేత్తలా ఉండాలి.

నిజమైన శాస్త్రవేత్తలు అలాంటి చోట ఎలా ఉంటారో చూడటానికి హైదరాబాద్ మంచి ఉదాహరణ. జీవం అంతరిక్షం నుంచి భూమికి వచ్చి ఉండవచ్చన్న ఊహ కొత్తది కాదు. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్, శ్రీలంకలో పుట్టిన చంద్ర విక్రమసింఘే దాన్ని గట్టిగా సమర్థించారు. ఏదో నాగరికత సూక్ష్మజీవులను కావాలనే పంపి ఉండవచ్చన్న ఆలోచనను 1973లో ఫ్రాన్సిస్ క్రిక్, లెస్లీ ఆర్గెల్ ఒక పరిశోధన పత్రంలో చర్చించారు. 'ప్రొమీథియస్' కథకు బీజం లాంటి ఊహ ఇదే. హాయిల్ శిష్యుడు, స్వయంగా సైన్స్ కథలు రాసిన జయంత్ నార్లీకర్ దీన్ని ఊహ దగ్గర వదిలేయలేదు, పరీక్షకు పెట్టారు.

2005 ఏప్రిల్ 20న హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో సహకారంతో ఒక భారీ బెలూన్ పైకి లేచింది. 459 కిలోల పరికరాలు మోసుకుంటూ వెళ్లిన ఆ బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు మధ్య వేర్వేరు చోట్ల గాలిని సేకరించింది. సేకరించే స్టీలు గొట్టాలను ముందే పూర్తిగా సూక్ష్మజీవి రహితం చేశారు. భూమి మీది క్రిములు కలవకుండా చూడటమే ఈ ప్రయోగంలో అన్నిటికంటే కష్టమైన పని. గొట్టాలు కిందికి వచ్చాక నమూనాలను హైదరాబాద్‌లోని సీసీఎంబీ, పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం విడివిడిగా పరీక్షించాయి. అతినీల లోహిత కిరణాలను బాగా తట్టుకునే మూడు కొత్త బాక్టీరియా జాతులు బయటపడ్డాయి. ఒకదానికి హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మరొకదానికి ఆర్యభట పేరు పెట్టారు.

సినిమాలో అయితే ఇక్కడ సంగీతం హోరెత్తేది. 2009లో ఫలితాలు ప్రకటిస్తూ ఇస్రో మాత్రం ఇవి వేరే లోకం నుంచి వచ్చాయని ఈ ప్రయోగం తేల్చి చెప్పడం లేదని స్పష్టంగా పేర్కొంది. ఎదురుచూసిన జవాబు గుమ్మం దాకా వచ్చినట్టు అనిపించినా, తలుపు తీయలేదు. 2024లో ఇలాంటిదే మరొకటి జరిగింది. జపాన్ హయబుసా-2 నౌక ర్యుగు గ్రహశకలం నుంచి తెచ్చిన నమూనా రేణువు మీద సూక్ష్మజీవులు కనిపించాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు పరిశీలించి, అవి నమూనా భూమికి చేరాక అంటుకున్న ఇక్కడి క్రిములేనని తేల్చారు. అంత జాగ్రత్తగా దాచిన రేణువుకే ఆ గతి పట్టిందంటే, హెల్మెట్ తీసేయడం ఎంత పెద్ద తప్పో ఊహించవచ్చు.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. నిజ జీవితంలోనూ పొరపాట్లు జరుగుతాయి కదా, కథలో జరిగితే తప్పేంటి? నిజమే. 1969లో అపోలో 11 వ్యోమగాములను మూడు వారాలు ఒంటరిగా ఉంచారు. కానీ అంతకు ముందే, పసిఫిక్ సముద్రంలో తేలుతున్న గుళిక తలుపును బయటి గాలిలోకి తెరవాల్సి వచ్చింది. చంద్రుడి మీద నిజంగా క్రిములు ఉండి ఉంటే ఆ క్వారంటైన్‌లో అక్కడే కన్నం పడేది. కాబట్టి కథలో నియమం తప్పడం అసహజం కాదు. తేడా అల్లా కారణంలోనే. 1979లో యాష్ తలుపు తెరవడానికి కారణం ఉంది, ఆ కారణమే కథ. 2012లో హెల్మెట్లు తీయడానికి కథ ముందుకు కదలాలన్న అవసరం తప్ప మరో కారణం కనిపించదు. మొదటిది మనుషుల తప్పు, రెండోది రచన తప్పు.

సినిమానే కదా అని వదిలేయడానికీ లేదు. చాలామంది పిల్లలకు శాస్త్రవేత్త అంటే ఎవరో మొదట తెలిసేది తెర మీదే. చంద్రుడి మట్టిని భూమికి తెచ్చే చంద్రయాన్-4కు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. చంద్రుడి మీద జీవం లేదని తేలింది కాబట్టి ఆ మట్టికి క్వారంటైన్ అవసరం లేదు. అంగారకుడి నమూనాల విషయం అలా కాదు. అక్కడి నుంచి తెచ్చేదాన్ని ప్రమాదకరమైన క్రిములను ఉంచే స్థాయి ప్రయోగశాలలో బంధించి పరీక్షించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ రోజు వచ్చినప్పుడు ఇంత ఆలస్యం ఎందుకు, ఇంత ఖర్చు ఎందుకు అన్న ప్రశ్నలు తప్పకుండా వస్తాయి. జాగ్రత్త అంటే పిరికితనం కాదని జనానికి ముందే తెలిసి ఉంటే ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడం సులువవుతుంది.

కొత్త ట్రైలర్‌లో ఆశ కలిగించేవి లేకపోలేదు. నౌక లోపలి తెరలు, బటన్లు 1979 నాటి తీరులోనే ఉన్నాయి. పూర్వకథలో పరికరాలు అసలు కథకంటే కొత్తగా మెరిసిపోయే పాత తప్పు ఇక్కడ లేదు. జీవులను ఏరికోరి పట్టి తెప్పించింది కంపెనీయే అన్న సూచన కూడా మొదటి సినిమా స్వభావానికి సరిపోయేదే.

అనుమానాలు మాత్రం మూడు మిగిలాయి. 2120లో ఈ జీవి భూమి మీదికే వచ్చి నగరాన్ని వణికించి ఉంటే, 2122లో నోస్ట్రోమో సిబ్బందికి ఆ ముక్క ఎందుకు తెలియదు? దాచిపెట్టారంటే ఎవరు, ఎలా దాచారు? రెండోది, అయిదు లోకాల జీవులు భూమి మీది శరీరాల్లో అంత తేలిగ్గా ఎలా బతుకుతాయి? ఇక్కడి పొలాల్లో పురుగుల గుడ్లను నాశనం చేయడానికి రైతులు వాడే ట్రైకోగ్రామా కందిరీగ కూడా దొరికిన ప్రతి జీవిలోనూ గుడ్లు పెట్టదు. పరాన్నజీవికి, ఆశ్రయం ఇచ్చే జీవికి మధ్య సాధారణంగా ఎంతో కాలం పరిచయం ఉంటుంది. దీనికి కథ ఒక చిన్న కారణమైనా చూపిస్తుందా? మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. కూలిన నౌక తలుపు ముందు నిలబడి, ఆజ్ఞ ఎవరిదైనా సరే, ఆగండి అని చెప్పే మనిషి ఈ కథలో ఒక్కరైనా ఉన్నారా?

ఈ మూడింటికీ ట్రైలర్ జవాబు చెప్పదు, చెప్పాల్సిన పని కూడా లేదు. ట్రైలర్ అనేది ఒక ప్రతిపాదన. రుజువు సిరీస్ చూశాకే దొరుకుతుంది. అప్పటిదాకా చప్పట్లు దాచుకున్న అభిమానిని నిరాశావాది అనడం అన్యాయం. ఆ కథను అందరికంటే ఎక్కువ ప్రేమిస్తున్నాడు కాబట్టే, లోపలి గాలి ఎలాంటిదో తేలేదాకా అతను హెల్మెట్ తీయడం లేదు.