బ్రేకరు మీద కోపమెందుకు?

మండల కేంద్రాల్లో వాటాల ఇళ్ళకు కొదవ లేదు. పిల్లల చదువుల కోసం పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు ఒకే ఇంట్లో మూడు నాలుగు వాటాల్లో సర్దుకుంటున్నాయి. పొద్దున వంట వేళకు వంటింటి బ్రేకరు పడిపోతుంది. ముందు వాటావారు వెనుక వాటావారిని అనుమానిస్తారు. వెనుక వాటావారు ఇంటి యజమాని మీద విసుక్కుంటారు. యజమాని ఎవరో ఒకరిని పిలిపించి పెద్ద బ్రేకరు బిగించమంటాడు. తగువు ఆగిపోతుంది. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

పూర్వం ఫ్యూజు మాటిమాటికీ పోతోందని కటౌట్‌లో లావుపాటి రాగి తీగ చుట్టేవారు. 16 ఆంపియర్ల బ్రేకరు తీసి 32 ఆంపియర్లది పెట్టడమూ అలాంటిదే. బ్రేకరు ఉన్నది మిక్సీని కాపాడటానికి కాదు, గోడలోని తీగను కాపాడటానికి. తీగ సన్నగానే ఉండి బ్రేకరు పెద్దదైతే, తీగ వేడెక్కి పైతొడుగు కరుగుతున్నా కరెంటు ఆగదు. పక్కనే గ్యాసు సిలిండరు ఉండే గది అది!

లెక్క తెలిస్తే సగం తగువు తీరుతుంది. 230 వోల్టుల మీద 16 ఆంపియర్ల లైను మోయగలిగేది 3,680 వాట్లు. రెండు వాటాల వంటగదులు ఒకే లైను మీద ఉన్నాయనుకుందాం. 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యిలు రెండు, 700 వాట్ల రైస్ కుక్కరు, 750 వాట్ల మిక్సీ కలిపితే 5,450 వాట్లు. అంటే సుమారు 24 ఆంపియర్లు. బ్రేకరు పడిందంటే దాని పని అది చేసిందన్నమాట.

ఎప్పుడు పడుతుందో గమనించాలి. కాసేపు నడిచి పడితే మోత ఎక్కువైనట్టు. ఎత్తిన మరుక్షణమే పడితే ఎక్కడో తీగలు కలిసినట్టు. ప్లగ్గులన్నీ తీసి ఒక్కసారి ఎత్తి చూడాలి. అప్పుడూ నిలవకపోతే లోపం వైరింగులో ఉంది. ఎలుక కొరికి ఉండవచ్చు, గోడ చెమ్మగిల్లి ఉండవచ్చు. నిలిస్తే ఒక్కొక్క వస్తువే పెట్టి చూడాలి. ఏది పెడితే పడిందో దాన్ని బాగుచేయించాలి. బ్రేకరు వేడెక్కినా, కమురు వాసన వచ్చినా మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. పడిన బ్రేకరును పదేపదే ఎత్తడం, పుల్ల దోపి నిలబెట్టడం ప్రాణాలతో చెలగాటమే.

షాకు నుంచి కాపాడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. సంగతి వేరు. కరెంటు ఎర్తుకు కారితే అది పడుతుంది. అయితే వాటాల ఇళ్ళలో ఒక వాటా న్యూట్రల్‌ను మరో వాటా న్యూట్రల్‌తో కలిపి కట్టినా పడుతుంది. పనికిరాదని దాన్ని పీకేయడం కంటే, న్యూట్రల్ తీగలను విడదీయించడం మేలు.

వచ్చే అద్దెకు వైరింగు ఎక్కడ మార్పించగలమని యజమానులంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఇల్లంతా తవ్వనక్కరలేదు. ప్రతి వంటగదికి తగినంత మందం తీగతో విడి లైను, దానికి తగ్గ బ్రేకరు, సరైన ఎర్తు ఉంటే చాలు. కనెక్షన్‌కు మంజూరైన లోడు చాలకపోతే పెంపునకు దరఖాస్తు చేసుకోవాలి. మీటరు దాటాక ఇంటి లోపలి వైరింగు బాధ్యత విద్యుత్ సంస్థది కాదు. లైన్‌మన్‌ను నిందించి లాభం లేదు.

అద్దెకున్నవారికీ బాధ్యత ఉంది. విడి లైను వచ్చేదాకా రెండు పొయ్యిలు ఒకేసారి వెలిగించకుండా మాట అనుకోవాలి. కొత్త హీటరు కొనేముందు యజమానికి చెప్పాలి.

అద్దె వసూలు చేసేటప్పుడు వాటాలు లెక్కపెట్టే యజమాని, లైన్లు కూడా ఆ లెక్కనే వేయించాలి.