పాత జెన్, బోరు నీళ్ళు

మన కాలనీల్లో పిల్లోళ్ళకు ఈ మధ్య ఒక పిచ్చి పట్టుకొనింది. పాత మారుతి జెన్. బెంగుళూరులో ఎవరో వదిలించుకుంటా ఉంటే బైకు ధరకు తెచ్చి, వాకిట్లో నిలబెట్టి, సైలెన్సర్ మార్చి, స్ప్రింగులు కోసి, ఆదివారం పొద్దున్నే నందిబెట్టకు పోతారు. కొన్ని నెలలుగా ఇంటికొచ్చి నన్ను అడిగే ప్రశ్నలన్నీ దీని మీదే. అందుకని ఈసారి బాయిలర్ సంగతులు పక్కన పెట్టి కారు గురించి రాస్తా ఉండాను. మిల్లులో ఫిట్టరు పని చేసినోడికి ఇది కొత్త లోకమేం కాదు. అవే ఇనుము, నూనె, నీళ్ళు, వేడి.

పిల్లోళ్ళను నేను తప్పు పట్టను. జెన్ మంచి బండి. 1993లో వచ్చింది, 2006 దాకా తయారైంది. మన దేశంలో చేసిన ఈ బండే సుజుకి ఆల్టో అనే పేరుతో యూరప్‌కు కూడా పోయింది. ఇంజన్ 993 సీసీ, అంతా అల్యూమినియం. ఒళ్ళు తేలిక కాబట్టి చిన్న ఇంజనే అయినా ఉరుకుతుంది. తర్వాత వచ్చిన పాలియో 1.6, స్విఫ్ట్ దీనికంటే జోరైనవే. కానీ మన జేబుకు అందేది, మన చేతికి లొంగేది ఇదే.

ఆ అల్యూమినియం ఇంజన్‌కి మన ఊళ్ళో ఒక శత్రువు ఉంది. బోరు నీళ్ళు. చింతామణి, బాగేపల్లి నీళ్ళ గురించి మీకు చెప్పేదేముంది? రీలింగ్‌లో గూళ్ళు ఉడికించే తొట్టి అంచున తెల్లగా పెచ్చు కట్టేది అందరూ చూసిందే. బాయిలర్ ట్యూబులో ఆ పెచ్చు మందమైతే కట్టెలు ఎక్కువ కాలతాయి, ఆవిరి తక్కువ వస్తుంది. రేడియేటర్‌లో సందులు ఇంకా సన్నం. అక్కడ పెచ్చు పడితే నీళ్ళు తిరగవు, వేడి పోదు. వేడెక్కిన అల్యూమినియం హెడ్ వంకర పోతుంది, గాస్కెట్ కాలిపోతుంది.

మా వీధిలో ఒకమ్మ చీటీ ఎత్తి కొడుక్కి జెన్ కొనిపెట్టింది. ఆ అబ్బాయి మొదట సైలెన్సరే మార్చినాడు. బాగేపల్లి నుంచి హైవే మీద వస్తా ఉంటే వేడి ముల్లు పైకి పోయింది. ఇల్లు దగ్గరే కదా అని ఆపకుండా తోలుకొచ్చినాడు. ఆయిల్ మూత తీస్తే లోపల పాలు కలిపిన కాఫీ మాదిరి నురగ. ఆయిల్‌లో నీళ్ళు కలిసినాయంటే అదే గుర్తు. చీటీ కంతులు ఇంకా కడతానే ఉంది ఆయమ్మ. బండి మాత్రం గోనెపట్టాల కింద ఉండాది.

కాబట్టి ముందు రేడియేటర్ చూడండి. రాత్రంతా చల్లారినాక పొద్దున్నే మూత తీయాలి. వేడి మీద తీస్తే ముఖం కాలిపోతుంది. నీళ్ళు మురికిగా ఉంటే వదిలేసి, డిస్టిల్డ్ వాటర్ పోసి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్ నడిపి, చల్లారినాక మళ్ళీ వదలండి. తేటగా వచ్చేదాకా ఇంతే. తర్వాత కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. థర్మోస్టాట్ పీకేస్తే చల్లగా ఉంటుందని కొందరు మెకానిక్కులు చెప్తారు. వినొద్దు. ఇంజన్ సరిగ్గా వేడెక్కక పెట్రోలు తాగుతుంది. చెడితే కొత్తది వేయించండి.

తర్వాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నందిబెట్ట దిగేటప్పుడు కాలంతా బ్రేకు మీదే పెడితే అది మరిగి, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. రెండేళ్ళకొకసారి మార్చండి. దిగేటప్పుడు రెండో గేరులో ఉండండి. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చినారో తెలీకపోతే మార్చేయండి, మీటరును నమ్మొద్దు. తలుపు, అద్దం, సీటు శివాజీనగర్ గుజరీలో తెచ్చుకోండి, ఏం కాదు. బ్రేకు సామాను, రబ్బరు పైపులు, బెల్టు మాత్రం కొత్తవే.

ఇంట్లో పని చేసేటోళ్ళకు ఒక మాట. ఒట్టి జాకీ మీద నిలబెట్టి బండి కిందికి దూరొద్దు. సిమెంటు ఇటుకలు అసలే వద్దు, చెప్పకుండా పగులుతాయి. ఇనుప స్టాండ్లు కొనండి, నలుగురు కలిసి ఒక జత కొన్నా చాలు. విప్పిన చక్రాన్ని కూడా బండి కింద పడుకోబెట్టండి.

ఇక ఆ సైలెన్సర్, ఆ కోసిన స్ప్రింగులు. కోసిన స్ప్రింగు గుంతలో చక్రం దిగినప్పుడు తన చోటు నుంచి జారొచ్చు. మన ఊరి హంపులకు ఆ బండి అడుగు ఎట్లాగూ తగులుతుంది. కంపెనీ ఇచ్చిన తీరును మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే ఏడు చట్టం సవరించి, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు అని పెట్టినారు. ఒక సైలెన్సర్, నాలుగు స్ప్రింగులు ఎన్ని మార్పులని లెక్కేస్తారో స్టేషన్‌లో వాదించుకునే ఓపిక మనకు యాడుంది? 15 ఏళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించేదానికే 2022 ఏప్రిల్‌లో ఫీజు 600 నుంచి 5,000 అయింది. మీ బండికి ఇప్పుడెంతో కనుక్కొని ఆ దుడ్డు ముందు పక్కన పెట్టుకోండి.

వదిలిన పాత కూలెంట్ మోరీలో పొయ్యొద్దు. అది తియ్యగా ఉంటుంది. కుక్కలు, మేకలు నాకితే చస్తాయి, పసిపిల్లలకూ విషమే. మూత ఉన్న క్యానులో పోసి, పిల్లలకు అందని చోట పెట్టి, గ్యారేజీలో ఇచ్చేయండి.