ముందు చెప్పని ఫీజు ఎందుకు కట్టాలి?

పొద్దున ఏడింటికి ఉప్పల్ చౌరస్తాలో నిలబడితే వరంగల్ రోడ్డు మీద కళాశాల బస్సుల వరుస తెగదు. నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ, రామంతాపూర్‌లలో పిల్లల్ని ఎక్కించుకుని ఆ బస్సులు బోడుప్పల్, నారపల్లి దాటి ఘట్‌కేసర్ చుట్టుపక్కల ఇంజినీరింగ్ కళాశాలలకు వెళతాయి. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో పనిచేసేవాళ్లు, చిన్న దుకాణాలు నడుపుకునేవాళ్లు, ఆటో తోలేవాళ్లు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చిన రోజు వాళ్ల చేతిలో పడే కాగితంలో ఒక్క అంకే ఉంటుంది. అది ట్యూషన్ ఫీజు. ఏడాది తిరిగేసరికి వాళ్ల జేబులోంచి పోయిన డబ్బుకూ ఆ అంకెకూ పొంతన కుదరదు. ఆ తేడా ఎక్కడ పుడుతోందో విప్పి చూస్తే కళాశాలల అత్యాశ ఒక్కటే కారణం కాదని, చట్టం చేసి అమలును గాలికి వదిలిన ప్రభుత్వ నిర్లక్ష్యం కూడా అందులో ఉందని తెలుస్తుంది.

మొదటి దెబ్బ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద పెట్టుకున్న నమ్మకం నుంచే తగులుతుంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకాన్ని విస్తరించినప్పటి నుంచి ‘ఫీజు ప్రభుత్వమే కడుతుంది’ అన్న మాట ఇళ్లలో స్థిరపడిపోయింది. కానీ బీసీ విద్యార్థుల్లో సాధారణంగా ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో 10 వేల లోపు ర్యాంకు తెచ్చుకున్నవాళ్లకే మొత్తం ఫీజు వస్తుంది. ర్యాంకు ఆపైన ఉంటే ప్రభుత్వం ఇచ్చేది 35 వేలు. కళాశాల ట్యూషన్ ఫీజు లక్ష అనుకుందాం. మిగిలిన 65 వేలు తండ్రే కట్టుకోవాలి. ఆ 35 వేలకైనా పట్టణ కుటుంబం వార్షికాదాయం 2 లక్షలు దాటకూడదు. అంటే నెలకు 16,667 రూపాయలు. నాచారంలో ఓవర్‌టైమ్ కలుపుకుని 17 వేలు ఇంటికి తెచ్చే కార్మికుడు ఈ లెక్క ప్రకారం పేదవాడు కాదు. ఇంత తక్కువ గీత గీసి, ఆ గీత దాటిన ఇంటికి లక్ష రూపాయల బిల్లు పంపడం ఏ న్యాయమో పాలకులు చెప్పాలి.

ఆ తర్వాత రసీదులు మొదలవుతాయి. జాతీయ అక్రిడిటేషన్ బోర్డు (ఎన్‌బీఏ) గుర్తింపు ఉన్న కోర్సులకు ఏటా 3 వేలు, విశ్వవిద్యాలయం కామన్ సర్వీసెస్ ఫీజు, స్పెషల్ ఫీజు, పరీక్ష ఫీజు. వీటిలో కొన్నింటికి ఉత్తర్వుల ఆధారం ఉంది. హాజరు 75 శాతం కన్నా తగ్గి 65 శాతం పైన ఉన్నవాళ్లు కట్టే కండోనేషన్ ఫీజు కూడా నిబంధనల్లో రాసి ఉన్నదే. వీటిని తప్పుపట్టలేం. తప్పంతా వీటిని ముందే ఒకచోట చేర్చి చెప్పకపోవడంలో ఉంది. అసలు చిక్కు ఈ వరుస కింద చేర్చే మరికొన్ని పేర్లతో వస్తుంది. లైబ్రరీ ఫీజు, ల్యాబ్ ఫీజు, డెవలప్‌మెంట్ ఫీజు, కార్పస్ ఫండ్, ప్లేస్‌మెంట్ శిక్షణ కోసం సీఆర్‌టీ ఫీజు.

ఇక్కడ ఫీజుల కమిటీ పనిచేసే తీరు తెలుసుకోవాలి. తెలంగాణలో ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల ఫీజును ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ మూడేళ్లకోసారి సిఫారసు చేస్తుంది. అందుకు కళాశాల తన జమాఖర్చుల లెక్కలను ఆడిట్ చేయించి సమర్పించాలి. అధ్యాపకుల జీతాలు, భవనాల నిర్వహణ, ప్రయోగశాలలు, గ్రంథాలయం, భవిష్యత్ విస్తరణకు కొంత మిగులు, ఇవన్నీ ఆ లెక్కలోకి వచ్చాకే ట్యూషన్ ఫీజు తేలుతుంది. అంటే లైబ్రరీ ఖర్చు ట్యూషన్ ఫీజులో ఇప్పటికే ఉంది. ల్యాబ్ ఖర్చూ ఉంది. మళ్లీ లైబ్రరీ పేరుతో, ల్యాబ్ పేరుతో విడిగా అడిగితే ఒకే ఖర్చుకు రెండుసార్లు వసూలు చేసినట్టే. ఈ ముక్క తెలిసిన తల్లిదండ్రులు ఎంతమంది?

చట్టంలో దీనికి సూటి సమాధానం ఉంది. 1983లో ఉమ్మడి రాష్ట్రం క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. నిర్ణయించిన ఫీజుకు మించి ఏ పేరుతో వసూలు చేసినా అది క్యాపిటేషన్ ఫీజే అని ఆ చట్టం నిర్వచించింది. చాలామంది అనుకుంటున్నట్టు క్యాపిటేషన్ అంటే మేనేజ్‌మెంట్ సీటుకు చేతులు మారే లక్షలు మాత్రమే కాదు. రసీదు ఇచ్చి తీసుకున్న 2 వేలు కూడా నిర్ణీత ఫీజుకు మించితే అదే కోవలోకి వస్తుంది. ప్రైవేటు కళాశాలల ఫీజులపై సుప్రీంకోర్టు 1993లో ఇచ్చిన ఉన్నికృష్ణన్ తీర్పు ఆ ఉమ్మడి రాష్ట్రం పేరు మీదున్న కేసులోదే. 2002లో టీఎంఏ పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం కళాశాలలకు ఫీజు నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇస్తూనే లాభార్జనకు, క్యాపిటేషన్‌కు తావులేదంది. 2003లో ఇస్లామిక్ అకాడమీ తీర్పు రాష్ట్రాల్లో ఫీజుల కమిటీలు పెట్టమంది. 2005లో ఇనాందార్ తీర్పు ఆ నియంత్రణను నిలబెట్టింది. ఇంత గట్టి పునాది ఉండి కూడా నాచారంలోని తండ్రి కౌంటర్ దగ్గర మారుమాట్లాడకుండా ఎందుకు కట్టేస్తున్నాడు?

అడిగే సమయం వల్ల. చెప్పని ఫీజు ఎప్పుడూ కాదనలేని ఘడియలోనే వస్తుంది. సెమిస్టర్ పరీక్షకు రెండు రోజుల ముందు, హాల్ టికెట్ చేతికి ఇచ్చే బల్ల దగ్గర. నాలుగో ఏడు అయిపోయాక, ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ఒరిజినల్స్ అడుగుతున్నప్పుడు, ‘నో డ్యూస్’ సంతకాల దగ్గర. ఆ క్షణంలో 1983 చట్టం ఏమందో ఎవరికీ గుర్తుండదు, గుర్తున్నా వాదించే ధైర్యం ఉండదు. పిల్ల భవిష్యత్తు ఆ కాగితంలో ఉంది కాబట్టి అమ్మ మెడలోది తాకట్టుకు వెళుతుంది. ఈ ఒత్తిడి లేకపోతే సీఆర్‌టీ ఫీజును ఇష్టమున్నవాళ్లే కడతారు, లేనివాళ్లు మానేస్తారు. వద్దనే వీలు లేని శిక్షణను సేవ అనడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

బస్సు సంగతి కొంచెం వేరు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. ఆ గుంతల్లో, ఆ ట్రాఫిక్‌లో బస్సు నడపడానికి డీజిలు, సమయం రెండూ ఎక్కువే ఖర్చవుతాయి. కళాశాలలు ఈ మాట చెబితే కొట్టిపారేయలేం. కానీ ఆర్టీసీ విద్యార్థి పాస్‌తో ఉప్పల్ నుంచి వెళ్లగలిగిన కుర్రాడికి కూడా కళాశాల బస్సును తప్పనిసరి చేయడం, ఏడాది డబ్బు ఒకేసారి కట్టించుకుని మధ్యలో మానేస్తే పైసా తిరిగి ఇవ్వకపోవడం రోడ్డు వల్ల వచ్చిన కష్టాలు కావు. ఫీజుల కమిటీ దృష్టి ట్యూషన్ ఫీజు దగ్గరే ఆగిపోయింది కనుక బస్సు, హాస్టల్, శిక్షణ ఎవరూ అడగని ఖాతాలయ్యాయి.

అన్నిటికన్నా బరువైన ఊహించని బిల్లు మాత్రం ప్రభుత్వం రాయిస్తున్నదే. రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏళ్లుగా పేరుకుపోయాయి. 2025 నవంబరు 3 నుంచి తెలంగాణలో ప్రైవేటు కళాశాలలు బకాయిల కోసం బంద్ పాటించాయి. ప్రభుత్వం కొంత మొత్తం విడుదలకు ఒప్పుకున్నాక విరమించాయి. యాజమాన్యాల బాధ కల్పితం కాదు. నెలల తరబడి జీతం రాని అధ్యాపకులు ఉప్పల్, బోడుప్పల్ కాలనీల్లో మనకు ఇరుగుపొరుగే. అయితే ఆ బాధను తీర్చుకునే దారిగా కళాశాలలు విద్యార్థిని ఎంచుకుంటున్నాయి. ‘ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక వెనక్కి ఇస్తాం’ అని అడగడం, కట్టలేకపోతే సర్టిఫికెట్లు ఆపడం. అర్హత ఉందని ప్రభుత్వమే మంజూరు చేసిన పిల్లకు ఆ అప్పుతో ఏం సంబంధం? బాకీ ఉన్నది ప్రభుత్వం, పూచీ పడుతున్నది బిడ్డ. ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 నోటిఫికేషన్‌లో స్పష్టంగా చెప్పింది. అయినా నో డ్యూస్ బల్ల అలాగే ఉంది.

పొరుగున ఆంధ్రప్రదేశ్ 2021లో ఫీజు సొమ్మును తల్లుల ఖాతాల్లో వేసే పద్ధతి తెచ్చింది. కళాశాలను ప్రశ్నించే బలం తల్లికి వస్తుందన్నది ఉద్దేశం. ప్రభుత్వం సమయానికి వేయనప్పుడు మాత్రం కళాశాల నేరుగా ఆ తల్లినే నిలదీసింది. డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్న దానికన్నా సమయానికి పడుతుందా లేదా అన్నదే బిల్లును నిర్ణయిస్తుంది.

ఫీజు అంకె కూడా స్థిరంగా నిలవదు. 2022లో కొత్త మూడేళ్ల ఫీజుల ఉత్తర్వు వచ్చేసరికి అక్టోబరు అయింది. అప్పటికి కౌన్సెలింగ్ నడుస్తూనే ఉంది, కొన్ని కళాశాలలు హైకోర్టుకు వెళ్లి మధ్యంతర ఉత్తర్వులు తెచ్చుకున్నాయి. 2025లో కొత్త ఫీజులు తేలకపోవడంతో ఆ ఏడాదికి పాతవే కొనసాగించారు, మళ్లీ కేసులు నడిచాయి. వెబ్ ఆప్షన్ పెట్టే పిల్లాడు ఒక ఫీజు చూసి కళాశాలను ఎంచుకుంటాడు. చేరాక ఇంకో ఫీజు తేలితే ఆ ఎంపికకు అర్థమేముంది?

మనవాళ్లు పెద్ద సంఖ్యలో చదువుకునే అమెరికాలో ఫీజులు తక్కువని ఎవరూ అనరు. అక్కడి విశ్వవిద్యాలయాల బిల్లుల్లోనూ టెక్నాలజీ ఫీజు, అంతర్జాతీయ విద్యార్థి ఫీజు, ఆరోగ్య బీమా అంటూ వరుసలు ఉంటాయి. కానీ అక్కడ 2008 ఉన్నత విద్యా అవకాశాల చట్టం ప్రకారం సహాయం పోను విద్యార్థికి ఎంత పడుతుందో అంచనా వేసి చూపే లెక్కను 2011 నుంచి ప్రభుత్వ విద్యార్థి సహాయ పథకాల్లో ఉన్న కళాశాలలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాల్సి వచ్చింది. పుస్తకాలు, వసతి కూడా ఆ లెక్కలో ఉంటాయి. బిల్లు తగ్గకపోయినా, ముందే తెలుస్తుంది.

మన దగ్గర వినియోగదారుల ఫోరానికి వెళదామంటే ఆ తలుపు దాదాపు మూసుకుపోయింది. విద్యార్థిని వినియోగదారుగా చూడలేమని 2010లో మహర్షి దయానంద్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు అంది. కాబట్టి భారమంతా ఫీజుల కమిటీ మీదే ఉంది. ఆ కమిటీ కదిలేలోగా తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటుంది: కట్టిన ప్రతి రూపాయికీ పేరువారీగా విడదీసిన రసీదు పట్టుబట్టి తీసుకోవడం. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు ట్యూషన్ ఫీజుకే మినహాయింపు ఉంది, డెవలప్‌మెంట్ ఫీజుకు లేదు. అన్నీ ఒకే మొత్తంగా రాసిచ్చే కళాశాల ఆ తేడాను దాస్తున్నట్టే. కళాశాల తన విద్యార్థికి అందించే విద్యాసేవకు జీఎస్టీ మినహాయింపు ఉంది. కళాశాల రసీదులో జీఎస్టీ కనిపిస్తే దేనికని రాతపూర్వకంగా అడగాలి.

కమిటీ చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. తదుపరి వెబ్ ఆప్షన్లు తెరిచే ముందు ప్రతి కళాశాల నుంచి నాలుగేళ్ల పూర్తి ఫీజు పట్టిక తీసుకోవాలి. ట్యూషన్, ఎన్‌బీఏ, పరీక్షలు, శిక్షణ, బస్సు, హాస్టల్, ఏది తప్పనిసరో ఏది ఐచ్ఛికమో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి వస్తుందో అందులో ఉండాలి. కళాశాల పేరు పక్కన ట్యూషన్ ఫీజు చూపే చోటే ఈ పట్టికా కనిపించాలి. అందులో లేని పేరుతో తీసుకున్న ప్రతి రూపాయినీ 1983 చట్టం కింద క్యాపిటేషన్ ఫీజుగా పరిగణిస్తామని ముందే ప్రకటించాలి. హాల్ టికెట్ దగ్గర, నో డ్యూస్ దగ్గర చూపే బాకీలో ప్రభుత్వం ఇవ్వాల్సిన రీయింబర్స్‌మెంట్‌ను చేర్చకూడదని ఆదేశించాలి. ఆ ఆదేశం ఇచ్చిన రోజే కళాశాలలకు బకాయిల చెల్లింపు తేదీలను కూడా ప్రభుత్వం రాసివ్వాలి. లేకపోతే ఆ ఆదేశాన్ని కళాశాలలు పాటించవు, పాటించమని గట్టిగా చెప్పే నైతిక బలం ప్రభుత్వానికి ఉండదు.